సెప్టెంబరు 8 నుంచి 21 దాకా: బడిలో అక్షరాస్యతా దినం, శాంతి దినం ఎలా జరపాలి

ఏటా సర్క్యులర్ వస్తుంది. సెప్టెంబరు 8న అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం జరిపి ఫోటోలు పంపాలని. రెండు వారాలు తిరక్కుండానే 21న అంతర్జాతీయ శాంతి దినోత్సవం. ఒక ఫ్లెక్సీ, ఒక ర్యాలీ, వ్యాసరచన పోటీ, గ్రూపులో నాలుగు ఫోటోలు, సాయంత్రానికి అయిపోతుంది. కోనసీమలో కాలవ గట్టునున్న ఒక హైస్కూల్లో తెలుగు మాస్టారుగా నేనూ చాలా ఏళ్ళు అలాగే జరిపాను. పిల్లలు ఎండలో నినాదాలు ఇచ్చుకుంటూ వెళ్తుంటే అరుగుల మీద కూర్చున్న మామ్మగార్లు ముచ్చటపడి చూసేవారు. వాళ్ళలో ఒక్కరికి కూడా మా ర్యాలీ వల్ల ఒక్క అక్షరం రాలేదు.

అందుకని మీకు చెప్పేదేమిటంటే, ఈ రెండు రోజుల్నీ రెండు వేర్వేరు పండగల్లా చూడకండి. మధ్యలో ఉన్న రోజులన్నీ కలుపుకుని ఒకే పనిగా పెట్టుకోండి. 8వ తేదీ సాయంత్రం పిల్లవాడు తన ఇంట్లో చదువు రాని పెద్దావిడ పక్కన కూర్చుంటాడు. 21 నాటికి, మాటలు మానేసిన స్నేహితుడి పక్కన కూర్చుంటాడు. ఎదుటివాళ్ళు సిగ్గుపడకుండా, చిన్నబోకుండా వాళ్ళ పక్కన కూర్చోవడం ఎలాగో నేర్పడమే రెండిటిలోనూ మన పని.

ముందు తేదీలు చూసుకోండి

ఆగస్టు 29న గిడుగు రామమూర్తిగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం ఎలాగూ చేస్తారు. జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని పట్టుబట్టిన మనిషి పుట్టినరోజు అది. ఈ పని మొదలుపెట్టడానికి అంతకంటే మంచి ముహూర్తం దొరకదు. ఆ సాయంత్రం టీచర్లందరూ ఓ పావుగంట కూర్చుని క్యాలెండర్ ముందేసుకోండి. ఆదివారం పడితే ముందురోజో మర్నాడో చేసుకోవచ్చు. పరీక్షల తేదీలు చూసుకోండి. వినాయక చవితి చాలా ఏళ్ళు ఈ రోజుల్లోనో కాస్త అటూ ఇటూగానో వస్తుంది. నిమజ్జనం నాడు మధ్యాహ్నం తర్వాత తరగతిలో ఎవరూ మిగలరు.

గోదావరిని కూడా లెక్కలో వేసుకోవాలి. సెప్టెంబరులో ఏరు ఇంకా నిండుగానే ఉంటుంది. లంక పిల్లలు పడవ దాటి వచ్చే బడి మీదైతే, వరద హెచ్చరిక ఉన్న రోజున ఏ కార్యక్రమమూ పెట్టకండి. వాయిదా వేసినందుకు పై అధికారులు ఏమంటారోనని టెన్షన్ పడకండి. మన కార్యక్రమం కోసం ఒక్క పిల్లాడు కూడా ఆ నీళ్ళలో పడవ ఎక్కకూడదు.

ఇంకొకటి, సార్వా, అంటే ఖరీఫ్ వరి చేలల్లో కలుపు తీతల రోజులివి. ఆడవాళ్ళు పొద్దున్నే పొలానికి వెళ్ళి ఏ సాయంత్రానికో వస్తారు. మధ్యాహ్నం 3 గంటలకు "తల్లుల సమావేశం" అని పెడితే కుర్చీలే వస్తాయి. పెద్దవాళ్ళతో ఏ పని ఉన్నా సాయంత్రం 6 తర్వాత, వాళ్ళ గుమ్మంలోనే పెట్టుకోండి.

ఎవరికి నేర్పాలో ఎలా అడగాలి

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. మొదటి ఏడాది ఎనిమిదో తరగతిలో నిలబడి, "మీ ఇంట్లో చదవడం రానివాళ్ళు ఉంటే చేతులెత్తండి" అన్నాను. మూడు చేతులు లేచాయి. పేరెంట్స్ మీటింగు రిజిస్టరు తీసి చూస్తే అదే తరగతికి పదికి పైగా వేలిముద్రలు ఉన్నాయి. ఆ సాయంత్రం ఒకమ్మాయి మా ఇంటికి వచ్చి, "మా అమ్మకి చదువొచ్చని చెయ్యెత్తలేదనుకున్నారు కదండి, మా అమ్మకి రాదు మాస్టారండి" అని ఏడ్చింది. అందరి ముందూ తల్లిని చిన్నబుచ్చాలో, నాతో అబద్ధం ఆడాలో తేల్చుకోవలసిన పరిస్థితిలోకి ఆ పిల్లని నెట్టింది నేనే.

మీరు అలా అడగకండి. ప్రతి పిల్లకీ ఒక చిన్న కాగితం ఇచ్చి ఒకే ప్రశ్న రాయించండి: "మా ఇంట్లోగానీ మా వీధిలోగానీ రోజూ పావుగంట నేను ఎవరి పక్కన కూర్చుని చదవగలను?" అందరూ ఒక పేరు రాయాలి, చదువుకున్నవాళ్ళ పిల్లలతో సహా. డిగ్రీ చదివిన నాన్న ఉన్న పిల్లాడు పక్కింటి తాతయ్య పేరు రాస్తాడు. లేదా ఫోన్లో తెలుగులో మెసేజ్ కొట్టడం రాని అమ్మమ్మ పేరు రాస్తాడు. అందరి కాగితాలూ ఒకలాగే ఉంటాయి కాబట్టి ఏ ఇల్లూ బయటపడదు. మడిచి డబ్బాలో వేయించండి, క్లాస్ టీచర్ తప్ప ఇంకెవరూ చదవకూడదు.

"నిరక్షరాస్యులు" అనే మాట ఈ పద్నాలుగు రోజులూ బడిలో వాడకండి, బోర్డు మీద రాయకండి. "వేలిముద్రలు" అని ఎగతాళిగా అనే అలవాటు పిల్లల్లో ఉంటే మొదటిరోజే ఆపించండి. మామ్మ, తాతయ్య, పిన్ని అనండి చాలు.

లెక్క మాత్రం టీచర్లకు తెలిసి ఉండాలి. జనాభా లెక్కల్లో అక్షరాస్యులంటే ఏడేళ్ళు దాటి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగినవాళ్ళు. సంతకం ఒక్కటే వస్తే చాలదు. 2011 లెక్కల్లో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో అక్షరాస్యత 74 శాతం పైచిలుకు, తూర్పు గోదావరిలో 71 శాతానికి దగ్గర. అంటే ఇంచుమించు ప్రతి నలుగురిలో ఒకరికి చదువు లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఇక్కడ ఊరూరికీ కాలవ నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళతో పండిన చేలల్లో నడుం వంచి పని చేసిన ఆడవాళ్ళే ఈ నాలుగోవంతులో ఎక్కువగా కనబడతారు నాకు.

పావుగంటలో ఏం నేర్పాలి

అ ఆ ఇ ఈ నుంచి మొదలుపెట్టకండి. అరవై ఏళ్ళ మనిషికి "అ అంటే అమ్మ" చెబితే రెండో రోజు రారు. వాళ్ళ పేరుతో మొదలుపెట్టండి. పేరు లక్ష్మి అయితే క్షకి మ వత్తు, పైన గుడి, అన్నీ ఒకేచోట వచ్చి భయపెడతాయి. అలాంటప్పుడు ఇంటిపేరుతోనో, మనవరాలి పేరుతోనో మొదలుపెట్టి లక్ష్మి దగ్గరికి తర్వాత రావాలి. వ రాసిన చేతికి మ రావడం తేలిక. న వస్తే స దగ్గరే. పిల్లలకు ఇది ముందే చూపించండి, వాళ్ళే వరస కట్టుకుంటారు.

పలక మీద బలపం పట్టుకోవడానికి చెయ్యి వణికితే వాకిట్లో ముగ్గుతో రాయించమనండి. యాభై ఏళ్ళుగా చుక్కలు పెట్టి మెలికలు తిప్పుతున్న చెయ్యి అది. మన అక్షరాలన్నీ గుండ్రనివే. పిండి వేళ్ళ మధ్యనుంచి జారుతుంటే, తలకట్టు దగ్గర ఆగడం, సున్నా దగ్గర చుట్టడం ఆ చేతికి ఎవరూ నేర్పక్కర్లేదు. ముగ్గులో పేరు వచ్చాక పలక మీదికి మార్చడానికి మూడు నాలుగు రోజులు చాలు.

పేరు తర్వాత బస్సు బోర్డు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది నాకు నేర్పింది మా ఏడో తరగతి పిల్లాడొకడు. వాళ్ళ మామ్మగారు రాజోలు వెళ్ళాలంటే వచ్చిన ప్రతి బస్సునూ ఆపి, "ఇదెక్కడికెళ్తదండి?" అని అడుగుతారు. వాడు ఆవిడకు 'రా' నేర్పాడు. మూడు రోజుల తర్వాత ఆవిడ ధైర్యంగా, ఎవర్నీ అడక్కుండా ఎక్కేశారు. ఎక్కింది రావులపాలెం బస్సు. పిల్లాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఇద్దరం బోర్డు మీద రాసి చూశాం: రావులపాలెం, రాజోలు, రామచంద్రపురం, రాజమండ్రి. మా వైపు బస్సులు సగం 'రా'తోనే మొదలవుతాయని ఇన్నేళ్ళ తెలుగు మాస్టారుకి అప్పటిదాకా తట్టలేదు.

అప్పుడు రెండో అక్షరం మీద పడ్డాం. వు, జో, మ, జ. నాలుగు అట్టముక్కల మీద నాలుగు ఊళ్ళూ పెద్ద అక్షరాల్లో రాశాడు. రెండో అక్షరం మాత్రం ఎర్ర స్కెచ్‌తో. రాజోలుకీ రాజమండ్రికీ మళ్ళీ చిక్కు వచ్చింది, రెండూ జ కదా. వాడు 'జో'కున్న ఓత్వం మీద వేలు పెట్టి చూపిస్తే ఆవిడ కాసేపు చూసి, "జోకొట్టే జో అన్నమాట" అన్నారట. ఆ మాట తర్వాత ఆవిడకి రాజోలు బస్సు మళ్ళీ తప్పలేదు. నేర్చుకునేవాళ్ళు తమంతట తాము పట్టుకున్న గుర్తు ఇది, మనం పుస్తకంలో రాసి ఇవ్వలేం. కాబట్టి పిల్లలకు చెప్పండి, మామ్మ ఏదైనా గుర్తు చెబితే నోటు పుస్తకంలో రాసుకోమని.

మీ ఊరి బస్సులేవో ముందు మీరు చూసుకోండి. పాలకొల్లు వైపైతే అక్షరాలు వేరు, కాకినాడ వైపైతే వేరు.

మూడోది అంకెలు. మన దగ్గర అంకెలు చదవడం ప్రాణానికి సంబంధించిన విషయం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడు అంకెలూ ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించి, టీవీలోనో ఫోన్లోనో అంకె కనబడినప్పుడు ఏది ఏ హెచ్చరిక దాటిందో మామ్మగారు చెప్పగలగాలి. పాయింటు తర్వాత 75 అంటే ముప్పావు అడుగు అని చెబితే వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ముప్పావు, అర, పావు వాళ్ళ నోట్లో మనకంటే బాగా తిరుగుతాయి.

ఇదే చోట పాఠం తిరగేయండి. 1986 ఆగస్టు వరదలో మన ఇంట్లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి, ఎవరు ఎక్కడ తలదాచుకున్నారు, 1996 నవంబరు తుపానుకి ఎన్ని కొబ్బరిచెట్లు పడ్డాయి, ఇవి పిల్లాడు అడగాలి, మామ్మ చెప్పాలి, వాడు రాసుకోవాలి. రాసింది మళ్ళీ ఆవిడకి చదివి వినిపించాలి. తను చెప్పిన మాట కాగితం మీద నిలబడటం చూశాక, ఆ కాగితం తనే చదవాలన్న కోరిక పుడుతుంది. మా బడిలో రెండో వారం కూడా ఆపకుండా కూర్చున్న పెద్దవాళ్ళలో ఎక్కువమంది ఈ వరద కథ చెప్పినవాళ్ళే.

మందులు కూడా కలపాలనుకుంటే, మాత్రల కవరు మీద "పొద్దున", "రాత్రి" అని తెలుగులో రాసి పక్కన సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేయించండి. వారం తర్వాత బొమ్మలు లేని కవరు ఇవ్వండి. ఏ మాత్ర ఏ పూటదో రాసేముందు ఇంట్లో పెద్దవాళ్ళతోనో ఏఎన్ఎం గారితోనో సరిచూసుకోవాలి, పిల్లల మీద వదిలేయకూడదు.

8వ తేదీ బడిలో

అసెంబ్లీలో ఇరవై నిమిషాలు మించనివ్వకండి. ఈ రోజు ఎక్కణ్నుంచి వచ్చిందో నాలుగు మాటల్లో చెప్పండి: 1965 సెప్టెంబరు 8న నిరక్షరాస్యత నిర్మూలన గురించి టెహ్రాన్‌లో వివిధ దేశాల విద్యామంత్రుల సమావేశం మొదలైంది. దాన్ని పురస్కరించుకుని 1966లో యునెస్కో ఈ రోజును ప్రకటించింది. 1967 నుంచి జరుపుతున్నారు. టెహ్రాన్ పిల్లలకు దూరం, కాబట్టి వెంటనే ధవళేశ్వరం రండి. 1874లో కందుకూరి వీరేశలింగంగారు ఆడపిల్లల కోసం బడి పెట్టింది అక్కడే. ఆడపిల్ల పలక పట్టుకుంటే ఊరు విరుచుకుపడే కాలం అది. ఆ మాట చెప్పి మీ ముందు వరసలో కూర్చున్న ఆడపిల్లల్ని ఒకసారి చూడండి.

ఆ తర్వాత తరగతుల్లోకి పంపి ఒక పని చేయించండి. ప్రతి ఒక్కరూ ఎడమ చేత్తో తమ పూర్తి పేరు రాయాలి. ఎడమచేతి వాటం పిల్లలు కుడిచేత్తో. రాస్తుండగా మీరు పక్కన నిలబడి, "ఏంటా రాత? ఇంకా అవ్వలేదా?" అని రెండుసార్లు అనండి. తర్వాత ఆపి, ఎలా అనిపించిందో అడగండి. మా తరగతిలో ఒకడు, "చెయ్యి నొప్పి కన్నా మీరు చూడ్డమే ఎక్కువ ఇబ్బందిగా ఉందండి" అన్నాడు. పెద్దవాళ్ళకు నేర్పేటప్పుడు గుర్తుంచుకోవలసిన నియమాలు ఆ ఒక్క మాటలోంచే తీయొచ్చు: నవ్వకూడదు, చేతిలో బలపం లాక్కోకూడదు, ఆవిడ రాస్తుంటే మొహం వంక కాకుండా పలక వంక చూడాలి, అలిసిపోయానంటే ఆపేయాలి, ఇంటికి చుట్టాలొస్తే పలక దాచేయాలి.

ముఖ్య అతిథి వస్తానంటే రానివ్వండి. ఉపన్యాసం బదులు మూడో తరగతి పిల్లలకు ఒక కథ చదివి వినిపించమని ముందే కోరండి. మా దగ్గరికి వచ్చిన పెద్దమనుషుల్లో కాదన్నవారు లేరు.

ర్యాలీ తప్పదంటే చేయండి, కానీ అరుచుకుంటూ కాదు. దారిలో ఉన్న ప్రతి బోర్డు దగ్గరా ఆగి చిన్నపిల్లలు చదవాలి: ఎరువుల కొట్టు, రైతు సేవా కేంద్రం, సొసైటీ, కాలవ వంతెన మీద ఉన్న హెచ్చరిక. గంటలో అర కిలోమీటరు కూడా వెళ్ళరు, ఏమీ ఫరవాలేదు.

ఫోటోల విషయం. పెద్దవాళ్ళ మొహాలు పెట్టి "అక్షరాలు దిద్దుతున్న వృద్ధురాలు" అని గ్రూపుల్లో వేయకండి. పలక ఫోటో తీయండి, ముగ్గులో రాసిన పేరు తీయండి. సర్క్యులర్‌కి అది చాలు. మొహం కావాలంటే ఆవిణ్ణి అడిగి, ఆవిడ సరేనంటేనే.

అసలు కార్యక్రమం ఆ సాయంత్రం ఇళ్ళ దగ్గర మొదలవుతుంది. బడిలో ఏమీ మిగలకపోవడమే మంచి గుర్తు.

మధ్య రోజుల్లో

రోజూ అసెంబ్లీ తర్వాత ఇద్దరు పిల్లలు, ఇద్దరంటే ఇద్దరే, నిన్న ఏం జరిగిందో చెప్పాలి. నేర్చుకునేవాళ్ళ పేరు చెప్పకుండా. "మా మామ్మకి మ వచ్చింది" చాలు. నాలుగైదు రోజులకి కొందరు మానేస్తారు. తిట్టకండి. ఇంట్లో గొడవ, తాగొచ్చిన నాన్న, కరెంటు లేకపోవడం, కారణాలు ఉంటాయి. విడిగా పిలిచి అడగండి.

ఆ కారణాలు వింటుంటేనే, చదువు సంగతీ ఇంట్లో ప్రశాంతత సంగతీ విడదీయలేమని తెలుస్తుంది. ఇది మన రాష్ట్రం ఒకసారి చూసిన విషయమే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు తమ కాపురాల్ని కూలుస్తున్న సారా గురించి పాఠంలో చదువుకుని, ఊళ్ళో సారా కొట్టు మూయించారు. వాళ్ళలో ముందు నిలిచిన రోశమ్మ పేరు అప్పుడే అందరికీ తెలిసింది. అక్కణ్నుంచి ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. తొమ్మిది, పది తరగతులకు ఈ కథ తప్పకుండా చెప్పండి.

ఈ రోజుల్లోనే తగాదాల పని మొదలుపెట్టాలి. శాంతి గురించి పిల్లలకు ప్రపంచయుద్ధాలతో మొదలుపెడితే, అది ఎక్కడో ఉన్నవాళ్ళ సంగతి అనుకుంటారు. మీ బడిలో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో చూడండి. సైకిల్ గాలి తీసేయడం, భోజనాల వరసలో తోసుకోవడం, పేర్లు పెట్టి వెక్కిరించడం, రెండు వీధుల మధ్య చవితి పందిరి పోటీ. ఆఖరిది మన ఊళ్ళలో పెద్దది. పెద్దవాళ్ళ పంతం పిల్లల బెంచీ దాకా వస్తుంది.

నేను వాడే పద్ధతి ఇది. ఇద్దరూ ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలి, బలవంతం వద్దు. ఇద్దర్నీ వేరువేరుగా కూర్చోబెట్టి జరిగింది అరపేజీ రాయమనండి. తిట్లు లేకుండా, "నేను" అని మొదలుపెట్టి. తర్వాత కాగితాలు మార్చి, ఒకడు రాసింది రెండోవాడితో పైకి చదివించండి. "వాడు" అని మార్చకుండా, "నేను" అని ఉన్నది "నేను" అనే చదవాలి. మధ్యలో వాదించకూడదు. ఇద్దరూ చదవడం అయ్యాకే మాటలు.

తొమ్మిదో తరగతి కుర్రాళ్ళిద్దరు చవితి తర్వాత పది రోజులు మాట్లాడుకోలేదు. సైకిల్ ట్యూబు కోశాడని ఒకడు, మైకు తీగ లాగేశాడని ఇంకొకడు. కాగితాలు మార్చాం. మొదటివాడు గడగడా చదువుకుంటూ వచ్చి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడు: "మా నాన్న కువైట్‌లో ఉన్నాడు, డబ్బులు పంపలేదు, అందుకే చందా ఇవ్వలేదు, అది నేను అందరి ముందూ చెప్పాల్సొచ్చింది." వాడు కాగితంలోంచి తలెత్తి, "నేనడిగానని నువ్వు చెప్పాల్సొచ్చిందా?" అన్నాడు. రెండోవాడు తలూపాడు. సైకిల్ సంగతి, మైకు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ రోజే భుజాల మీద చేతులేసుకుని వెళ్ళలేదు కానీ, వారం తర్వాత ఒకే సైకిల్ మీద వస్తుంటే చూశాను.

చేతులు కలపమని, "సారీ చెప్పు" అని ఒత్తిడి చేయకండి. ఏం సరిచేయాలో వాళ్ళచేతే ఒక్క వాక్యం రాయించి, మూడు రోజుల తర్వాత అది జరిగిందో లేదో అడగండి.

ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఒకడు రోజూ కొడుతుంటే ఇంకొకడు పడుతుంటే అది తగాదా కాదు. కులం పేరుతో అనడం, ఒంటిమీద చెయ్యి వేయడం, ఫోటోలతో బెదిరించడం తగాదాలు కావు. వీటిలో ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయడం బాధపడిన పిల్లకు మళ్ళీ అన్యాయం చేయడమే. హెడ్‌మాస్టరుగారికి చెప్పండి, అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఆ నంబరు ప్రతి తరగతి గోడ మీదా ఉండాలి.

21వ తేదీ

ఐక్యరాజ్యసమితి 1981లో శాంతి దినాన్ని ప్రకటించింది. 1982 నుంచి సెప్టెంబరు మూడో మంగళవారం జరిపేవారు. 2001లో తీర్మానించి, 2002 నుంచి 21వ తేదీకి స్థిరపరిచారు. న్యూయార్క్‌లోని సమితి కార్యాలయం ఆవరణలో ఒక గంట ఉంది, 1954లో జపాన్ నుంచి వచ్చింది. అరవై పైచిలుకు దేశాల వాళ్ళిచ్చిన నాణేలను కరిగించి పోశారు. యుద్ధంలో అణుబాంబులు పడిన దేశం ఇచ్చిన గంట అని చెబితే పిల్లలు మాట్లాడకుండా వింటారు.

అది చెప్పాక మీ బడి గంట కొట్టించండి. మా గంట చెట్టుకు వేలాడే రైలు పట్టా ముక్క. రోజూ అటెండరు కొడతాడు. ఆ రోజు మధ్యాహ్నం 12 గంటలకు మాత్రం భోజనం వండే అమ్మతో కొట్టించాం. ఆవిడ చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని వచ్చి ఒక్కటే దెబ్బ కొట్టారు. ఆ మోత ఆగేదాకా, తర్వాత ఒక నిమిషం అందరూ మౌనంగా ఉండాలి. కాలవ తూములో నీళ్ళ చప్పుడు అంత స్పష్టంగా వినబడుతుందని పిల్లలకు అప్పటిదాకా తెలియదు.

వెంటనే భోజనాలు. ఆ రోజు ఎవరికి నచ్చినచోట వాళ్ళు కూర్చోకుండా, హాజరు పట్టీ వరసలో కూర్చోబెట్టండి. ఒకే వీధివాళ్ళు ఒకచోట చేరే అలవాటు అలా ఏ చర్చా లేకుండా విరుగుతుంది. మన మధ్యాహ్న భోజనానికి పేరున్న డొక్కా సీతమ్మగారు మన లంకల గన్నవరం ఇల్లాలే. 1909లో కన్నుమూసేదాకా, ఏరు దాటి ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టిన తల్లి. పేరు పథకం బోర్డు మీద చూస్తారు కానీ ఆవిడ ఎవరో చాలామంది పిల్లలకు తెలియదు. వడ్డన అవుతుండగా ఒక టీచర్ చెప్పాలి.

మధ్యాహ్నం కాగితపు కొంగలు చేయించాలనుకుంటే చేయించండి, కానీ కథ తెలిసి చేయాలి. హిరోషిమాలో బాంబు పడినప్పుడు సడాకో ససాకికి రెండేళ్ళు. ఆ రేడియేషన్ వల్ల వచ్చిన లుకేమియాతో 1955లో పన్నెండేళ్ళకు చనిపోయింది. ఆస్పత్రి మంచం మీద కొంగలు మడుస్తూ ఉండేది. ఆమె తోటి పిల్లలు చందాలు పోగుచేయగా 1958లో అక్కడ పిల్లల శాంతి స్మారకం నిలిచింది. ఆరేడు తరగతులకు చెప్పండి, మరీ చిన్నపిల్లలకు వద్దు. పాత నోటు పుస్తకాల కాగితం చాలు. పావురాలు కొని ఎగరేయడం మాత్రం వద్దు. పంజరంలో పెరిగినవి సాయంత్రానికి ఏ పిల్లి నోట్లోనో పడతాయి.

ఇష్టమున్న మామ్మలూ తాతయ్యలూ ఆ సాయంత్రం బడికి వచ్చి తమ పేరు బోర్డు మీద రాయొచ్చు. రానివాళ్ళ పలకలు పిల్లలు తెస్తారు. చప్పట్లు కొట్టించండి, ప్రైజులు ఇవ్వకండి. ప్రైజు పెడితే ఎవరిది బాగుందో తేల్చాలి, అప్పుడు ఒకావిడ మళ్ళీ చిన్నబోతుంది.

ఆ తర్వాత

అక్టోబరు 2 గాంధీ జయంతి, 2007 నుంచి అంతర్జాతీయ అహింసా దినం కూడా. దసరా సెలవులకు అటో ఇటో వస్తుంది. ఆ రోజును లెక్క చూసుకోవడానికి పెట్టుకోండి. ఎవరెవరు ఇంకా పావుగంట కూర్చుంటున్నారు, ఎవరు ఆపేశారు, మూడు రోజుల మాట నిలబెట్టుకున్నవాళ్ళు ఎంతమంది. ముందుకు వెళ్ళాలనుకునే పెద్దవాళ్ళకు కేంద్రం 2022లో మొదలుపెట్టిన ఉల్లాస్ కార్యక్రమం ఉంది. 15 ఏళ్ళు దాటి బడి ముఖం చూడనివాళ్ళకు స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు నేర్పుతారు, చదవడం, రాయడం, లెక్కల్లో పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. మీ మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో వివరాలు అడగండి, పెద్ద తరగతుల పిల్లలు ఎలా సాయం చేయొచ్చో కూడా అక్కడే చెబుతారు.

చివరిగా ఒక వంద పేజీల నోటు పుస్తకం పెట్టండి. అందులో మామ్మలు చెప్పిన వరద కథలు, పిల్లలు రాసుకున్న అక్షరాల గుర్తులు, మీరు చేసిన పొరపాట్లు ఉండాలి. తగాదా కాగితాలు అందులో పెట్టకండి, అవి రాసినవాళ్ళకే ఇచ్చేయండి. పుస్తకం అట్ట మీద ఏడాది వేసి, స్టాఫ్ రూం బీరువాలో హాజరు పట్టీల పక్కన పెట్టండి. మీకు బదిలీ అయితే, తాళం చెవితో పాటు ఈ పుస్తకం కూడా వచ్చే మాస్టారి చేతికి ఇవ్వాలి. మా పుస్తకంలో మొదటి పేజీ మొదటి లైను ఎర్ర స్కెచ్‌తో ఉంటుంది: "జో – జోకొట్టే జో."